లాగ్‌బుక్‌లో ఒక్క గీత

రాత్రి తొమ్మిదీ పన్నెండుకి నేను రాసిన వాక్యం పదకొండూ యాభైకల్లా మాయమైంది. పేజీ చరిత్ర తెరిచి చూస్తే మూడే మాటలు: ‘ఆధారం లేదు, తొలగించాను.’

పెద్ద వాక్యమేమీ కాదు. భిలాయి ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేసును ప్రధాని నెహ్రూ ప్రారంభించారు, అంతే. రాసింది నేనైనా మాట మా నాన్నది. పాలకొండ దగ్గరి పల్లె నుంచి రైళ్ళు మారి మారి 1958లో భిలాయి వచ్చి ఖలాసీగా చేరినవాడు ఆయన. ఆ పల్లె అప్పుడు శ్రీకాకుళం జిల్లా, ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లా. సాయంత్రం షిఫ్టు దిగి వచ్చి, నులకమంచం మీద కూర్చుని, చెప్పిందే చెప్పేవాడు: ‘నా కళ్ళతో నాను సూసినాన్రా. తెల్లటోపీ ఎట్టుకొని, ఇలాగ సెయ్యెత్తినాడు నెహ్రూ. ఫర్నేసు బుస్సుమన్నాది.’ చిన్నప్పుడు ఆ ‘బుస్సుమన్నాది’ కోసమే మళ్ళీ మళ్ళీ చెప్పించుకునేవాణ్ణి. ఆ మాట పట్టుకుని ఎవరో ఆధారం లేదంటే ఒళ్ళు మండదూ?

ఎవరైనా రాయగలిగే, ఎవరైనా దిద్దగలిగే చోటు అది. పేరు చెప్పను. చెబితే ఆ మనిషెవరో వెతికి పట్టుకునే ఓపిక ఉన్నవాళ్ళు మనలో తక్కువేం లేరు. జీతం బత్తెం లేకుండా కూర్చుని ఊళ్ళ గురించీ మనుషుల గురించీ పుస్తకాల గురించీ తెలుగులో పోగేసే గుంపులు ఇవాళ చాలానే ఉన్నాయి. వాటిలో ఒకటనుకోండి. 2021లో రిటైరయ్యాక, రిసాలీలో మా ఇంటి వెనక గదిలో కూర్చుని, నేనూ ఆ గుంపులో చేరాను. తెలుగు నేను బళ్ళో చదవలేదు. చందమామ ముందేసుకుని అమ్మ నేర్పిన అక్షరాలే నావి. అరవయ్యేళ్ళు హిందీలో బతికి, అరవై దాటాక తెలుగులో రాయడం మొదలుపెట్టినవాడికి ప్రతి వాక్యమూ ఒక బిడ్డే. ఆ బిడ్డని రెండు గంటల ముప్పై ఎనిమిది నిమిషాలకే ఎవరో ఎత్తుకుపోయారు.

‘రద్దు చెయ్యి’ నొక్కాను. వాక్యం తిరిగొచ్చింది. పది నిమిషాల్లో మళ్ళీ పోయింది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ పోయింది. ఇలాంటి చోట్ల ఒక నియమం ఉంటుంది: ఒకే పేజీలో 24 గంటల్లో మూడుసార్లకు మించి ఎదుటివాళ్ళ మార్పును వెనక్కి తిప్పకూడదు. అది నాకు అప్పటికి తెలియదు. తెలియకపోయినా రెండోసారితో ఆగాను. బుద్ధి వచ్చి కాదు, బీపీ మాత్ర వేసుకునే వేళయింది గనక.

మాత్ర వేసుకుని వచ్చి చర్చా పేజీలో ఉత్తరం రాశాను. ఆ ఉత్తరం ఇప్పటికీ అక్కడే ఉంది, ఎవరైనా చదువుకోవచ్చు. ‘గౌరవనీయులైన శ్రీ ఫలానా వారికి’ అని ఎత్తుకున్నాను. ‘తమవంటి విజ్ఞుల ముందు మాబోటి కూలివాళ్ళ బిడ్డలు నోరెత్తడం సాహసమే’ అన్నాను. ‘తమరు పుట్టకముందే మా నాన్నగారు ఆ ఫర్నేసు దగ్గర చెమటోడ్చారని తమ దృష్టికి తేవడానికి సాహసిస్తున్నాను’ అన్నాను. చివర నాలుగు టిల్డేలు పెట్టాను. అలా పెడితే సంతకం, తేదీ, సమయం వాటంతటవే పడతాయి. పడిన సమయం చూస్తే రాత్రి ఒంటిగంట నాలుగు. ఆ వేళప్పుడు రాసిన ఉత్తరం ఎవరికీ మేలు చేసినట్టు నేనెరగను.

ఆ ఉత్తరంలో ఒక్క బూతు లేదు. ఏకవచనం లేదు. మర్యాద నియమాలన్నీ ముందేసుకుని వెతికినా తప్పు పట్టడానికి వీలుండదు. కాని తెలుగు చదవడం వచ్చిన ఎవరికైనా అది ఏమిటో మొదటి లైనులోనే అర్థమైపోతుంది. కొట్టాలనుకున్నప్పుడు మనకు గారూ, తమరూ ఉన్నంత పదునుగా నువ్వూ, నీవూ ఉండవు. మా శ్రీకాకుళం వైపు పెద్దాచిన్నా అందరినీ నువ్వనే అంటారు. మా నాన్నని నేను జన్మలో ఒక్కసారి మీరు అని ఎరగను. ఉత్తరంలో రాసిన ఆ ‘నాన్నగారు’ కూడా అరువు తెచ్చుకున్నదే. భిలాయిలో పక్క క్వార్టర్లో కృష్ణా జిల్లా వాళ్ళుండేవారు. ఆ పిల్లలు వాళ్ళ నాన్నని మీరు అంటుంటే, పాపం ఆయనతో వీళ్ళకి మాటల్లేవేమో అనుకునేవాణ్ణి. ఇక వీధిలోకి వస్తే హిందీ ఆప్, తుమ్‌లు; కూరగాయల బండి దగ్గర ఛత్తీస్‌గఢీ ‘తై’. ఇన్ని మన్ననల మధ్య పెరిగినవాడికి ఒక సంగతి తెలిసి ఉండాలి, మర్యాద మాటలో ఉండదు, ఆ ఇంట్లో ఆ మాటకున్న వాడుకలో ఉంటుంది అని. తెలిసే రాశాను. ఎత్తిపొడుపు, దెప్పు, చురక, నిష్ఠూరం, వెటకారం, మెటికల విరుపు. ఈ ఒక్క పనికి మన దగ్గర ఎన్ని పనిముట్లున్నాయో! మాట వినబడే చోటయితే గొంతు కాస్త తగ్గించి పదును తీయవచ్చు. తెర మీద అక్షరానికి గొంతు లేదు.

పొద్దున్నకి జవాబు వచ్చింది.

‘మీకు కష్టం కలిగినట్టుంది. తొలి ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న ప్రారంభించింది రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్. నెహ్రూ అని అచ్చులో ఎక్కడైనా ఉంటే చూపించండి, నేనే తిరిగి పెడతాను.’

చదివి గమ్మున కూర్చున్నాను. నేను పుట్టి పెరిగి ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసిన ప్లాంటు. ఫర్నేసుల డిపార్ట్‌మెంటే. రాజేంద్ర ప్రసాద్ పేరు నేను విననిది కాదు, చదవనిది కాదు. కాని ఇంట్లో విన్నది ఒక అరలో, ప్లాంటులో చదివింది ఒక అరలో ఉండిపోయాయి. రెండు అరలూ ఎప్పుడూ కలుసుకోలేదు. నెహ్రూ భిలాయికి రాలేదని కాదు, వచ్చారు. ఆ రోజు ఆ పని చేసింది మాత్రం ఆయన కాదు. గుంపులో ఎక్కడో వెనక, ఎవరి భుజాల మీదనుంచో తొంగిచూసిన ఇరవై మూడేళ్ళ ఖలాసీకి దూరంగా ఒక తెల్లటోపీ కనబడి ఉంటుంది. తెల్లటోపీలు ఇద్దరికీ ఉన్నాయి. మీసాలు ఒకరికే ఉన్నాయి గాని, అంత దూరం నుంచి మీసాలేం కనబడతాయి?

మా ఆవిడకి చెప్పాను. ‘ఆ అబ్బాయి మంచిమాటే చెప్పాడు కదండీ, మళ్ళీ మీకెందుకు మొహం అలా ఉంది?’ అంది. నిజమే. ఉన్నమాటంటే ఉలుకెక్కువ అని ఊరికే అనలేదు. అయినా, ఆ అబ్బాయో పెద్దమనిషో, పొద్దున రాసిన మూడు వాక్యాలూ రాత్రే రాసి ఉంటే నా ఒంటిగంట ఉత్తరం పుట్టేది కాదు. ఈ మాట నేను అతని మీద నేరంగా చెప్పడం లేదు. ఆ రాత్రి అతని మార్పుల జాబితా తర్వాత తెరిచి చూశాను. నాలాంటివాళ్ళ దిద్దుబాట్లు వరసగా చూసుకుంటూ, సినిమా హీరో ఎత్తు రెండంగుళాలు పెంచినవాణ్ణీ, సొంత కోచింగ్ సెంటర్ ప్రకటన అతికించినవాణ్ణీ, ఊరి పేజీలో కులం గొప్పలు రాసినవాణ్ణీ తుడుచుకుంటూ వచ్చాడు. ఆ వరసలో నేనొకణ్ణి. చీపురు చేతిలో ఉన్నవాడు ఆగి, ఇది చెత్తా, ఎవరి చెవిపోగైనా పడిపోయిందా అని ప్రతిసారీ వంగి చూడాలంటే నడుము ఉండాలి కదా.

ప్లాంటులో మేం తిన్న తిట్లకి లెక్కలేదు. ఫోర్‌మన్ తిట్టేవాడు, ఇంజినీరు తిట్టేవాడు, క్యాంటీన్‌వాడు కూడా తిట్టేవాడు. ఒక్కటీ ఇంటికి మోసుకు రాలేదు. ఎందుకంటే తిట్టు జీతంలో కలిసే ఉండేది. ఒకటో తారీకున అన్నీ కలిపి లెక్క చూసుకునేవాళ్ళం. ఊరికే చేసే పనికి ఆ సర్దుబాటు లేదు. అక్కడ రాసిన వాక్యమే కూలి. దాన్ని కొట్టేస్తే ఆ రోజు కూలి పోయినట్టే. కొట్టేసినవాడిదీ కూలిలేని పనే. ఇద్దరు కూలి లేనివాళ్ళు, ఎవరి దగ్గరా ఎదుటివాడికి ఇవ్వడానికి ఏమీ లేదు, ఒక్క మాట తప్ప. ఆ మాటా పొదుపు చేస్తే ఇక మిగిలేది ఏముంది?

ఇలాంటి తగాదాల గురించి మాట వస్తే అందరూ ఒకటే అంటారు: మొహాలు కనబడవు కాబట్టి కొట్టుకుంటారు, ఎదురెదురుగా కూర్చుని టీ తాగితే సర్దుకుంటుంది అని. నాకు నమ్మకం లేదు. మా భిలాయిలో ఉగాది వేడుకల ఆహ్వానపత్రంలో ‘ఆహ్వానము’ అని ఉండాలా ‘ఆహ్వానం’ అని ఉండాలా అన్నదాని మీద ఒక కమిటీ రెండుగా చీలడం కళ్ళారా చూశాను. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూనే చీలారు. టీలు కూడా తాగారు. ఇక ప్లాంటులో అయితే ఒకరి మొహం ఒకరు చూడకుండానే ముప్పై ఏళ్ళు పనిచేసినవాళ్ళం. ఏ షిఫ్టు పొద్దున ఆరుకి, బీ షిఫ్టు రెండుకి, సీ షిఫ్టు రాత్రి పదికి. గేటు దగ్గర సైకిళ్ళ మీద ఎదురుపడి తలాడించడమే. ఒకణ్ణి ఇంకొకడు కాల్చుకోకుండా కాపాడింది స్నేహం కాదు, లాగ్‌బుక్.

లాగ్‌బుక్ అంటే అట్ట నల్లబడి, అంచులు గ్రీజు మరకలతో గట్టిపడిన ఒక రిజిస్టరు. షిఫ్టు దిగేవాడు అందులో రాసి దిగాలి. ఫర్నేసులోకి వేడిగాలి పోయే రాగి ముక్కుల్ని ట్యూయర్లు అంటారు. వాటి లోపల చల్లనీళ్ళు తిరుగుతూ ఉంటాయి. ముక్కు చిల్లిపడితే ఆ నీళ్ళు ఫర్నేసులోకి పోతాయి. కరిగిన ఇనుమూ నీళ్ళూ కలిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అందుకని రాసేవాళ్ళం: ‘ట్యూయర్ నంబర్ సాత్, హల్కా లీకేజ్, నజర్ రఖ్నా.’ ఏడో నంబరు, కొద్దిగా కారుతోంది, కనిపెట్టి ఉండు. కింద సంతకం, టైము. ఎవరికి రాస్తున్నాం? వచ్చేవాడు ఎవడైనా సరే వాడికి. వాడు ఒడియావాడో, మలయాళీవాడో, నిన్న నాతో పోట్లాడినవాడో. ‘నజర్ రఖ్నా’లో గారు లేదు, దయచేసి లేదు. అయినా అంతకంటే మర్యాదయిన మాట నేను ఇంకోటి ఎరగను. నువ్వు వచ్చేసరికి నేనుండను, నీ ఒళ్ళు జాగ్రత్త అని అర్థం దానికి.

లాగ్‌బుక్‌కి ఇంకో నియమం ఉండేది. తప్పు రాస్తే నల్లగా గీకి పారేయకూడదు, కాగితం చింపకూడదు, వైట్‌నర్ పుయ్యకూడదు. ఒక్క గీత. కింద ఏముందో చదవడానికి రావాలి. పక్కన సరైనది రాసి పొట్టి సంతకం పెట్టాలి. కొత్తగా చేరినప్పుడు నేనొక అంకె మీద పెన్నుతో గీకేస్తే మా షిఫ్టు మేస్త్రీ ఏమన్నాడంటే, ‘గలతీ ఛుపావో మత్, కాటో.’ తప్పుని దాచకు, కొట్టెయ్యి. అప్పుడు అది నాకు చాదస్తం అనిపించింది.

ఈ స్వచ్ఛంద పుస్తకాలు నడిచేది అచ్చంగా ఆ పద్ధతి మీదే. పేజీ వెనక చరిత్ర ఉంటుంది. కొట్టేసిన ప్రతిదీ అందులో చదవడానికి వస్తుంది. ఎవరు కొట్టేశారో, ఎప్పుడో దానంతటదే పడుతుంది; ఎందుకో రాయడానికి ఒక పెట్టె ఉంటుంది. తెలుగు వికీపీడియాలో దాన్ని దిద్దుబాటు సారాంశం అంటారు. ఆ చిన్న పెట్టెను మనలో చాలామంది ఖాళీగా వదిలేస్తాం, లేదా ‘ఆధారం లేదు’ అని వదిలేస్తాం. సంతకం పెట్టి, ఏడో నంబరు సంగతి రాయకుండా షిఫ్టు దిగిపోయినట్టు.

అచ్చు పుస్తకంలో ఈ గొడవ లేదు, కొట్టివేతలు కనబడవు. తెలుగులో విజ్ఞాన సర్వస్వం అన్న పనికి పూనుకున్న కొమర్రాజు లక్ష్మణరావు చదువుకున్నది నాగపూర్‌లో, అక్కగారు భండారు అచ్చమాంబ ఇంట ఉండి. కథలు రాసి, స్త్రీల చరిత్రలు పోగేసిన ఆ అచ్చమాంబ 1905లో కన్నుమూసింది బిలాస్‌పూర్‌లో. మా దుర్గ్ స్టేషన్లో నిలబడితే పట్టా ఒకవైపు నాగపూర్‌కి, ఇంకోవైపు బిలాస్‌పూర్‌కి పోతుంది. భిలాయి అన్న పేరు ఎవరికీ తెలియని రోజుల్లో తెలుగు విజ్ఞానం ఈ లైను మీద అటూ ఇటూ తిరిగిందన్నమాట. ఈ సంగతి మా కాలనీలో ఎవరికి చెప్పినా ‘అచ్ఛా’ అని ఊరుకుంటారు. నేను మాత్రం ఆ ప్లాట్‌ఫారం మీద నిలబడ్డప్పుడల్లా తలుచుకుంటాను. లక్ష్మణరావు విజ్ఞాన సర్వస్వం పూర్తికాకముందే 1923లో వెళ్ళిపోయారు. ఎవరి వ్యాసంలో ఆయన ఏ వాక్యం కొట్టేశారో, ఎవరు అలిగారో, ఎవరు ఒంటిగంటకి ఉత్తరాలు రాశారో మనకు తెలియదు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా లక్ష వ్యాసాలు దాటింది. అందులో అలకలతో సహా అన్నీ జనం కళ్ళెదుటే ఉన్నాయి. వంటిల్లు వీధి అరుగు మీదికి వచ్చింది.

ఆ వీధి అరుగుకి అక్కడివాళ్ళు పెట్టుకున్న పేరు రచ్చబండ. అందరికీ సంబంధించిన మాటలు అక్కడ మాట్లాడుకుంటారు. ఎవరు పెట్టారో గాని గట్టి పేరు. రథ్య నుంచి వచ్చిన మాట రచ్చ. పదిమంది కూడే చోటు అని అర్థం. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నప్పుడు ఉన్న రచ్చ అదే. ఇప్పుడు పిల్లలు ‘రచ్చ రచ్చ చేశాడు’ అంటే అర్థం వేరు. పదిమంది కూడే చోటే పదిమంది అరుచుకునే చోటుగా ఎప్పుడు మారిందో నిఘంటువులు చెప్పవు. రెండు అర్థాలూ కలిసే ఉంటాయని భాషకు ముందే తెలిసినట్టుంది.

తగాదాలన్నీ అహంకారాలు అనుకుంటే పొరపాటు. కొన్ని నిజంగా పీటముడులు. మా భిలాయి దగ్గరి గనియారీ అనే ఊళ్ళో పుట్టిన తీజన్ బాయి సంగతి చూడండి. పాండవుల కథలు చెప్పే పండవానీ పాడుతూ చేతిలో తంబూరానే భీముడి గదగా తిప్పిన మనిషి, మా ప్లాంటులో ఉద్యోగం చేసిన మనిషి, 2019లో పద్మవిభూషణ్ అందుకున్న మనిషి. ఆమె పుట్టింది 1956 ఏప్రిల్లో. ఏ రాష్ట్రంలో పుట్టింది? ఛత్తీస్‌గఢ్ అంటే, ఆ రాష్ట్రం వచ్చింది 2000 నవంబరు 1న. మధ్యప్రదేశ్ అంటే, ఏ మధ్యప్రదేశ్? భోపాల్ రాజధానిగా ఉన్న మధ్యప్రదేశ్ 1956 నవంబరు 1న వచ్చింది. ఆమె పుట్టేనాటికి ఈ ఊళ్ళన్నీ నాగపూర్ రాజధానిగా ఉన్న పాత మధ్యప్రదేశ్‌లో ఉన్నాయి. అదే నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ కూడా పుట్టింది కాబట్టి మా కాలనీలో ఆ రోజుకి రెండు పండగలు. నేను 1961లో సెక్టారు క్వార్టర్లో పుట్టాను. ఇల్లు కదలకుండానే రాష్ట్రం మారాను. అప్పటి పేరు రాయాలని ఒకరు, చదివేవాడికి అర్థమయ్యే ఇప్పటి పేరు రాయాలని ఇంకొకరు. ఇద్దరూ అబద్ధం ఆడటం లేదు. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం వచ్చాక, అంతకుముందు అక్కడ పుట్టినవాళ్ళ పేజీలన్నిటికీ ఇదే చిక్కు. ఈ విషయం మీద పదకొండు రోజులు చర్చించాం నేనూ, ఇంకో ముగ్గురూ. నేను మధ్యలో ‘నేను ఇక్కడే పుట్టాను, నాకు తెలియదా’ అని ఒక రాయి వేశాను. ఒకామె జవాబు రాసింది: ‘మీరు పుట్టినప్పుడు మీకు రాష్ట్రం పేరు తెలిసి ఉండదు లెండి.’ నాకు కోపం రాలేదు. ఎంతసేపు నవ్వానో, మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి ఏమైందని అడిగింది. చివరికి ‘నేటి ఛత్తీస్‌గఢ్‌లోని’ అన్న మాట దగ్గర నలుగురం ఆగాం. ‘నేటి’ అన్న రెండక్షరాలకి పదకొండు రోజులు. ఎక్కువని నేననుకోను.

ఇక ఆ ఛత్తీస్‌గఢ్ అన్న మాట ఎలా రాయాలన్నది ఇంకో రామాయణం. గఢా, గడా, ఘడా, ఘరా? హిందీలో ఢ కింద చుక్క ఉంది, మనకు లేదు. స్‌కీ గకీ మధ్య కంటికి కనబడని ఒక అక్షరం వేయకపోతే రెండూ కలిసిపోయి స్గ అవుతుంది. మా అమ్మయితే సత్తీసగడ అనేది, గొడవలేదు. ఇది మన ఒక్కరి జబ్బు కాదని తెలిసి కొంత ఊరట పడ్డాను. ఇంగ్లీషు వికీపీడియావాళ్ళు పెరుగు పేరు స్పెల్లింగులో ఒక్క హెచ్ ఉండాలా వద్దా అని 2003 నుంచి 2011 దాకా వాదించుకున్నారు. ఎనిమిదేళ్ళు! మన దగ్గర ఆ పాటికి ఎన్ని కుండల మజ్జిగ చిలికి ఉండేవాళ్ళమో.

నవ్వుకోవడానికి వీల్లేనిది ఒకటి ఉంది. అది నేను చేసింది.

రెండేళ్ళు గడిచేసరికి నాకూ చీపురు పట్టడం అలవాటైంది. ఇటీవలి మార్పులు తెరిచి, పైనుంచి కిందికి చూసుకుంటూ పోవడం. ఒక రాత్రి పాలకొండ వైపు పల్లె పేజీలో ఎవరో కొత్త మనిషి ఒక వాక్యం చేర్చారు: ఊరి రామాలయం పక్కన చింతచెట్టు కింద మా తాత పిల్లలకి బడి చెప్పేవాడు, ఫీజు కింద బియ్యం ఇచ్చేవారు. రెండు అచ్చుతప్పులు. ఆధారం లేదు. ‘సొంత విషయాలు రాయరాదు’ అని రాసి తీసేశాను. మూడు మాటలే. మూడు సెకన్లు పట్టి ఉంటుంది. కిందివరసలో కోచింగ్ సెంటరు ప్రకటన ఉంది, దాని మీదికి పోయాను.

తీసేయడం తప్పు కాదు. ఇప్పుడైనా తీసేస్తాను. తాత చెప్పిందీ నాన్న చెప్పిందీ విజ్ఞాన సర్వస్వంలో కూర్చోవు, కూర్చోకూడదు కూడా. కూర్చోబెడితే మా ఫర్నేసుని ఇప్పటికీ నెహ్రూయే వెలిగిస్తూ ఉంటాడు. కాని ఆ మనిషికి ఇంకో దారి చూపించవచ్చు. ఆ బడి గురించి జిల్లా గెజిటీర్‌లోనో ఊరి సావనీర్‌లోనో ఎక్కడైనా ఉందేమో చూడండి, ఆ చెట్టు ఇంకా ఉంటే ఒక ఫొటో తీసి పెట్టండి అని రాయవచ్చు. ట్యూయర్ నంబర్ సాత్, నజర్ రఖ్నా. ఇంగ్లీషు వికీపీడియాలో చురుగ్గా రాసేవాళ్ళ సంఖ్య 2007 తర్వాత ఎందుకు తగ్గుతూ వచ్చిందని ఆరన్ హాఫేకర్ అనే పరిశోధకుడు మరో ముగ్గురితో కలిసి వెతికి 2013లో ఒక పత్రం అచ్చేశాడు. మంచి ఉద్దేశంతో వచ్చిన కొత్తవాళ్ళ రాతల్ని వచ్చీరాగానే కొట్టేయడం, మరమనిషిలా హెచ్చరికలు అంటించడం ముఖ్యమైన కారణాలని అందులో తేల్చారు. వాళ్ళు అంకెలు చూసి చెప్పిన సంగతి నాకు ఒక్క ఖాతా చూస్తే తెలిసింది. ఆ పల్లె మనిషి పేరు నొక్కితే అతను చేసిన మార్పుల జాబితా వస్తుంది. అందులో ఒక్కటే వరస. మళ్ళీ రాలేదు. అతనో, ఆమో. ఎవరో పెట్టిన స్వాగతం సందేశం ఆ మనిషి చర్చా పేజీలో ఇంకా అలాగే ఉంది, రంగు పెట్టెలో, చేతులు జోడించి. దాని కింద నేను ఒక ఉత్తరం రాశాను, ఆలస్యంగా. పగటిపూటే రాశాను. జవాబు లేదు.

నా నెహ్రూ వాక్యాన్ని కొట్టేసిన మనిషితో ఇప్పుడు నాకు పెద్ద స్నేహమేం లేదు. పోట్లాటా లేదు. అతను నా పేజీల్లో అచ్చుతప్పులు దిద్దిపోతుంటాడు. ‘ఒత్తు సరిచేశాను’ అని పెట్టెలో రాస్తాడు ఈ మధ్య. నేనెప్పుడైనా అతని వాక్యం కదిలిస్తే ఎందుకో రెండు లైన్లు రాస్తాను. అతను ఎక్కడుంటాడో, ఎంత వయసో, మగో ఆడో కూడా తెలియదు. అతను అంటున్నాను, అలవాటుకొద్దీ.

ఫిబ్రవరి 4 వచ్చినప్పుడు మాత్రం నేనొక పని చేస్తాను. ఆ పేజీ తెరిచి, చరిత్ర నొక్కి, కిందికి కిందికి పోయి, నేను మొదట రాసిన రాత్రి దగ్గర ఆగుతాను. పాత కూర్పు తెరుచుకుంటుంది. పైన ఒక హెచ్చరిక ఉంటుంది, ఇది ఇప్పటి పేజీ కాదు అని. ఆ హెచ్చరిక కింద రాత్రి తొమ్మిదీ పన్నెండు నుంచి పదకొండూ యాభై దాకా, రెండు గంటల ముప్పై ఎనిమిది నిమిషాల పాటు, నెహ్రూ తెల్లటోపీ పెట్టుకుని చెయ్యెత్తి నిలబడి ఉంటాడు. గుంపులో వెనక ఎక్కడో పాలకొండ కుర్రాడొకడు మునివేళ్ళ మీద లేచి చూస్తుంటాడు.